విన్నీ మూయించిన నిప్పుగూడు

అక్టోబరు మొదటి వారంలో గ్యాస్ మనిషి వచ్చి, ముందుగదిలో గోడలోపలి హీటరును మోకాళ్ళ మీద కూర్చుని పరీక్షించి, దాని ముఖాన ఒక ఎర్ర చీటీ అంటించాడు. "వాడరాదు" అని ఉంది దాని మీద. పైకి పోవాల్సిన విషగాలి పోకుండా గదిలోకే తిరిగొస్తోందట.

"ఇన్నాళ్ళూ మీకు తలనొప్పి రాలేదా అండీ?" అని అడిగాడు.

"వచ్చింది. మా అమ్మ పోయిన దిగులు వల్ల అనుకున్నాను" అంది థెల్మా.

అతను పనిముట్లు సర్దుకుంటూ, కొత్త హీటరు పెట్టించుకోవచ్చనీ, అక్కర్లేదంటే కరెంటుది తెచ్చుకోవచ్చనీ చెప్పాడు. గడప దాటుతూ ఊరికే మాటవరసకు అన్నట్టు, "పాత ఇల్లు కదా, దీని వెనక నిప్పుగూడు అలాగే ఉండి ఉంటుంది. తెరిపించుకుని బొగ్గు కాల్చుకునేవాళ్ళూ ఉన్నారు" అన్నాడు. అతను వెళ్ళాక థెల్మా చాలాసేపు ఆ ఎర్ర చీటీ ముందు నిలబడింది. మిగతా మాటలన్నీ జారిపోయాయి, చివరి మాటొక్కటే మనసులో ఉండిపోయింది.

థెల్మాకి అరవై మూడేళ్ళు. బడి వంటశాలలో ముప్పయ్యేళ్ళు పనిచేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. రేవెన్‌లా అనే బొగ్గుగని ఊళ్ళో, గనివాళ్ళ కోసం కట్టిన ఇళ్ళ మూడో వరసలో పుట్టింది, అదే ఇంట్లో ఏప్రిల్లో తల్లి విన్నీ కన్నుమూసేదాకా తల్లితోనే ఉంది. ఎడమ చెవి కింద నుంచి మోచేయి దాకా ఆమె చర్మం కరిగి గడ్డకట్టిన మైనంలా ఉంటుంది. ఎండాకాలంలో కూడా మెడ దాకా బొత్తాలు పెట్టుకుంటుంది.

అది జరిగినప్పుడు ఆమెకు నాలుగేళ్ళు. 1962 జనవరి. ఎలా జరిగిందని అడిగితే విన్నీ ఎప్పుడూ ఒకే సమాధానం చెప్పేది. "గూట్లోంచి నిప్పురవ్వ ఎగిరి నీ గౌను మీద పడింది. మంచు మొదలైందని నేను వెనకసందులో బట్టలు తీస్తున్నాను. ఇనుప జాలి అడ్డం పెట్టడం మర్చిపోయాను." అంతే. ఒక్క మాట ఎక్కువా లేదు, తక్కువా లేదు. కూతురి ఒంటిమీది మంటల్ని ఆవిడ ఉత్త చేతులతో ఆర్పిందట. విన్నీ అరచేతుల్లో గీతలుండేవి కావు, నున్నగా మెరిసేవి.

కేకలు విని మొదట పరిగెత్తుకొచ్చింది సందుకు అవతలి ఇంటి హెట్టీ ఆర్డ్. పిల్లను రగ్గులో చుట్టింది ఆవిడే. జాలి గోడవారన ఆనించి ఉండటం కళ్ళారా చూసింది కూడా ఆవిడే. ఆ సంగతి ఊరికి చెప్పింది, చెప్తూనే ఉంది. ఏప్రిల్లో విన్నీ అంత్యక్రియలు అయ్యాక టీ తాగుతూ కూడా, "మంచి మనిషే. ఆ ఒక్క రోజు జాలి పెట్టి ఉంటే!" అని నిట్టూర్చింది.

ప్రమాదం జరిగిన రెండేళ్ళకు విన్నీ నిప్పుగూడు మూయించేసి గ్యాస్ పెట్టించింది. బొగ్గు తవ్వి బతికే ఊళ్ళో అది పెద్ద వింత. గనిలో పనిచేసే ప్రతి ఇంటికీ ఉచితంగా బొగ్గు వచ్చేది. వెనకసందులో బండెడు కుప్ప పోసి వెళ్ళేవారు. విన్నీ వాటాను చుట్టుపక్కల వాళ్ళు పారలతో ఎత్తుకుపోయేవారు. "పిల్ల కోసం మూయించింది పాపం. నిప్పు చూస్తే పిల్ల హడలిపోతుందని" అని అందరూ అనుకున్నారు. పెద్దయ్యాక థెల్మా కూడా అలాగే అనుకుంది.

అసలు ఆమెకు నిప్పంటే భయమే లేదు. కాలిన నొప్పి గుర్తులేదు. ఆసుపత్రిలో మందు పూసిన గుడ్డలు ఊడదీయడం గుర్తుంది, అది వేరే సంగతి. అంతకు ముందుది ఒకే ఒక్కటి గుర్తుంది: నాన్న జోస్ గని నుంచి వచ్చి, గూటి ముందు రేకుతొట్టిలో కూర్చుంటే అమ్మ వీపు రుద్దేది. ఆ తడి వీపు మీద నారింజ రంగు వెలుగు కదులుతూ ఉండేది. ఆ వెలుగు కోసం ఆమె ఎన్నిసార్లు ఆశపడిందో లెక్కలేదు. కానీ ఆమె పుట్టినరోజు కేకు మీద కొవ్వొత్తులు వెలిగించేవారు కారు. నవంబరు ఐదున, ఏటా జరిగే మంటల పండగకి ఊరంతా మైదానంలో పెద్ద మంట చుట్టూ చేరితే, ఆమెను పరదాలు మూసిన గదిలో కూర్చోబెట్టేవారు. నీకేం కావాలని ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

ఆదివారం అన్న ఎల్డన్ భోజనానికి వచ్చాడు. ఆమెకన్నా ఐదేళ్ళు పెద్ద. బస్సు డ్రైవరుగా చేశాడు, భార్య పోయి ఆరేళ్ళయింది. ప్రతి ఆదివారం పన్నెండున్నరకి వెనక తలుపులోంచి వస్తాడు, వంటింటి బల్ల దగ్గర తింటాడు, అక్కడే పేపరు చదువుకుని వెళ్ళిపోతాడు. క్రిస్మస్‌కి కూడా వంటింట్లోనే. అది అతని అలవాటని థెల్మా ఎప్పుడో ఒప్పేసుకుంది.

"తెరిపించడమా?" ఎల్డన్ మాంసం ముక్కతో సహా ఫోర్కు కింద పెట్టేశాడు. "నీకు మతిగానీ పోయిందా పిల్లా?"

"పొగగొట్టాలు ఊడ్చే టులిప్ గారు చూడ్డానికి వస్తానన్నారు."

"కరెంటుది పెట్టుకో. మీట నొక్కితే చాలు, మంట బొమ్మ కూడా కనిపిస్తుంది. మా వీధిలో అందరివీ అవే."

"బొమ్మ దగ్గర చేతులు కాచుకోమంటావా?"

"నవ్వులాటగా ఉందా? ఇంకెవరైనా అంటే అనుకోవచ్చు, నువ్వా! నీ నోటినుంచి రావాల్సిన మాటేనా అది?"

"నా నోటినుంచే రావాలి. కాలింది నేను కదా."

ఎల్డన్ ముఖంలో రక్తం లేకుండా పోయింది. లేచి కోటు తొడుక్కున్నాడు. ఆపిల్ పుడ్డింగు ఓవెన్లో ఇంకా ఉడుకుతూనే ఉంది. "అమ్మ మూయించింది. మూసే ఉండనీ. నీకు దణ్ణం పెడతాను" అన్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, నిజంగానే రెండు చేతులూ జోడించాడు. తన మీద బెంగతోనే అలా అంటున్నాడనుకుని థెల్మాకి జాలి వేయకపోగా ఒళ్ళు మండింది. ఈ వయసులో కూడా తనను గాజుబొమ్మలా చూసేవాళ్ళు ఇంకా మిగిలే ఉన్నారన్నమాట!

మర్నాడే టులిప్‌కి ఫోన్ చేసి, వచ్చెయ్యమంది.

టులిప్ తండ్రీ తాతా కూడా పొగగొట్టాలు ఊడ్చినవాళ్ళే. అరవై దాటినా నిచ్చెన పిల్లిలా ఎక్కుతాడు, నోరు మాత్రం క్షణం ఊరుకోదు. అయినా గ్యాస్ గొట్టం జోలికి మాత్రం పోలేదు. "నేను ముడితే చట్టం ఒప్పుకోదు తల్లీ" అన్నాడు. చీటీ అంటించిన మనిషే మళ్ళీ వచ్చి, హీటరు విప్పి, గొట్టం నేలలోనే కోసి మూతి బిగించి వెళ్ళాడు. ఆ తర్వాత టులిప్ కప్పెక్కి పొగగొట్టానికున్న గ్యాస్ మూత తీశాడు, దిగివచ్చి గోడకున్న రేకు ఊడదీశాడు. దాని వెనక ఇటుకముక్కలు, పాత సున్నం, పక్షులు పడేసిన పుల్లలు, మసి బస్తాల కొద్దీ దిగాయి. మూడు బస్తాలు మోశాక లోపల నల్లటి గూడు బయటపడింది. చిన్నదే. థెల్మా మనసులో అది ద్వారమంత పెద్దది.

"వెనక మట్టిపలక నిలువునా పగిలింది. కొత్తది వేద్దాం. ఇటుకలు మాత్రం గట్టివే. మీ నాన్నలాంటివాళ్ళు కట్టుకున్నవి కదా, ఎందుకు పడతాయి?" అంటూ టులిప్ బ్రష్షు పైకి తోశాడు. కర్రకు కర్ర తగిలిస్తూ పోతుంటే, బయట వీధిలో నిలబడి బ్రష్షు తల కప్పు మీదికి ఎప్పుడొస్తుందా అని చూసింది థెల్మా. వచ్చింది. ఆమెకు తెలియకుండానే చప్పట్లు కొట్టింది.

కప్పు మీద గొట్టం మూతికి, పొగ పోయేలా అడుగులేని మట్టికుండ పెట్టడానికీ, లోపల కొత్త పలక కట్టి సిమెంటు ఆరడానికీ పదిరోజులు పట్టింది. గూటి ముందు రాతిపలక సరిచేశాడు, బొగ్గు వేసే ఊచల తట్ట అమర్చాడు, విషగాలి వస్తే కూసే అలారం గోడకు బిగించాడు. చివరి పని గొట్టం పరీక్ష. అది శనివారం పెట్టుకున్నారు.

మొదట పొగబిళ్ళ వెలిగించి, పైగదిలోనూ పక్కింట్లోనూ పొగ కారడం లేదని చూసుకున్నాడు. తర్వాత నాలుగు పుల్లలు పేర్చి చిన్న మంట వేశాడు. పొగ పైకి పోకుండా గదిలోకి దొర్లింది.

"అరవయ్యేళ్ళ చలి పట్టింది దీనికి. అలుగుతోంది. ఉండు, మా నాన్న మందు వేస్తాను" అంటూ టులిప్ పాత వార్తాపత్రిక పెద్ద కాగితాన్ని విప్పి, రెండు చేతులతో గూటి మూతికి అడ్డంగా పట్టాడు. గాలి కింద సందులోంచి మాత్రమే దూరి మంటను పైకి ఈడ్చింది. కాగితం వెనక బుస్సుమన్న చప్పుడు మొదలైంది. అక్షరాల మధ్య నుంచి నారింజ రంగు వెలుగు పాకింది. కాగితం నడుమ గోధుమరంగు మచ్చ ఒకటి పొడచూపింది.

సరిగ్గా అప్పుడు ముందు తలుపు తెరుచుకుని ఎల్డన్ లోపలికి వచ్చాడు. చెల్లెలికి ఆఖరిసారి నచ్చజెప్పుదామని వచ్చాడు. ఆ గది గడపలో అతన్ని చూడటమే థెల్మాకి వింతగా అనిపించింది. పలకరించబోయేలోపు అతని నోటినుంచి అరుపు వచ్చింది. అది పెద్దమనిషి అరుపు కాదు. "కింద పడెయ్! పడెయ్!" అంటూ వచ్చి టులిప్‌ని భుజం పట్టి గుంజాడు. అలవాటున్న చేతులు గనక టులిప్ కాగితాన్ని గూట్లోకే నలిపి తోసేశాడు. అది భగ్గుమని గొట్టంలోకి ఎగిరిపోయింది. ఎల్డన్ చెల్లెలి వైపు తిరిగి, ఆమె బట్టల మీద ఎక్కడా నిప్పు లేకపోయినా, ఆమె భుజాన్ని, చేతిని, మెడను అరచేతులతో తపతపా కొట్టాడు. నాలుగైదు దెబ్బలు. తర్వాత తన చేతుల వంక చూసుకుని, వంటింట్లోంచి వెనక పెరట్లోకి పరుగుతీశాడు.

థెల్మా వెంట వెళ్ళింది. అతను చెత్తడబ్బాల పక్కన గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"రవ్వ కాదు" అన్నాడు.

"ఏమిటి?"

"నిప్పురవ్వ కాదు థెల్మా. నేను."

ఆ తర్వాత గోడ వైపు తిరిగే చెప్పాడు. అమ్మ బట్టలు తీయడానికి వెళ్తూ మంట దగ్గరికి పోవద్దంది. మంట ఆరిపోతోంది. చెల్లెలు చలేస్తోందని ఏడుస్తోంది. నాన్న ఎలా చేస్తాడో రోజూ చూస్తాడు కదా. జాలి తీసి పక్కన పెట్టి, కాగితం విప్పి గూటికి అడ్డం పట్టాడు. చేతులు చాలలేదు. కాగితం నడిమధ్య అంటుకుంది. భయపడి వెనక్కి విసిరేశాడు. వెనక చెల్లెలు నిలబడి ఉందని చూసుకోలేదు.

"అమ్మ నిన్ను ఆర్పుతూనే నా వంక చూసింది. నా చేతిలో కాగితం ముక్క ఇంకా ఉంది. దాన్ని లాక్కుని నిప్పులో పడేసింది. 'రవ్వ ఎగిరింది. జాలి నేను పెట్టలేదు. విన్నావా? మీ నాన్నకి కూడా ఇదే మాట' అంది. హెట్టీ ఆంటీ తలుపు తోసుకుని వచ్చేలోపే ఇదంతా అయిపోయింది. నాన్నకి తెలిస్తే నన్ను చంపేసేవాడు. నిజంగానే. నీకు తెలుసు కదా ఆయన చెయ్యి."

థెల్మాకి తెలుసు. ఆ ప్రమాదం తర్వాత ఏడాదిపాటు నాన్న అమ్మతో మాట్లాడలేదనీ, వెనకగదిలో వేరే పడుకునేవాడనీ కూడా తెలుసు. బొగ్గుదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి ఆయన పోయేదాకా, "నీ చేతిలో పిల్లల్ని పెట్టి పోవడమా!" అనే మాట ఆ ఇంట్లో ఎన్నిసార్లు వినపడిందో!

"మళ్ళీ ఆ గదిలో నేను ఉండలేకపోయాను. అగ్గిపుల్ల గీసిన చప్పుడైతే చాలు, నిక్కరు తడిసిపోయేది. పదకొండేళ్ళు వచ్చినా. అందుకే అమ్మ అది మూయించింది. నీ కోసం అని ఊరు అనుకుంది, అమ్మ అననిచ్చింది."

థెల్మాకు తొమ్మిదేళ్ళ పిల్లాడు గుర్తు రాలేదు. తన పందొమ్మిదో ఏడు గుర్తొచ్చింది. సహకార దుకాణంలో పనిచేసే కుర్రాడొకడు డాన్సుకి తీసుకెళ్ళాడు. మెడ మీది స్కార్ఫు జారినప్పుడు అతని చూపు మారిపోవడం ఆమె చూసింది. ఇంటికొచ్చి తల్లిని పట్టుకుని, "నువ్వే నన్ను ఇలా చేశావు! తాడు మీది బట్టలు నీకు నాకన్నా ఎక్కువయ్యాయి!" అని గోడలు అదిరేలా అరిచింది. విన్నీ ఇస్త్రీ చేస్తోంది. పెట్టె ఆపి, "అవును తల్లీ. తప్పు నాదే" అంది. మళ్ళీ ఇస్త్రీ చేసుకుంది.

"ఆ రోజు నువ్వు ఇంట్లోనే ఉన్నావు" అంది థెల్మా మెల్లగా. "నేను అమ్మ మీద అరిచిన రోజు. ఆ వంటింట్లో, బూట్లు పాలిష్ చేసుకుంటున్నావు. నీకు ఇరవై నాలుగేళ్ళు."

ఎల్డన్ గోడ మీది పెచ్చును గోటితో గీకాడు.

"విన్నావు కదా? నేనన్న ప్రతి మాటా విన్నావు."

"విన్నాను."

"పో. నా ఇంట్లోంచి పో."

అతను వెనకసందు తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. లోపల టులిప్ నోరెత్తకుండా, మసి పడకుండా నేలమీద పరిచిన దుప్పటి మడతపెడుతున్నాడు, ఆ మనిషి అంతసేపు మౌనంగా ఉండటం ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. "గొట్టం బాగా లాగుతోంది తల్లీ" అన్నాడు చివరికి. "పొగ రాని బొగ్గే వాడు, ఎండిన కట్టెలే పెట్టు. ఎప్పుడు వెలిగించుకుంటావో నీ ఇష్టం." గూడు వాడుకోవచ్చన్న కాగితం మీద సంతకం చేసి ఇచ్చి, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళాడు.

నవంబరంతా థెల్మా ఆ గూటిని వెలిగించలేదు. కాగితం ఉండలు, పుల్లలు, వాటి మీద బొగ్గు పేర్చి సిద్ధంగా ఉంచింది. రెండు స్వెటర్లు వేసుకుని, పక్కన చిన్న కరెంటు హీటరు పెట్టుకుని, వెలగని గూటి ముందు కూర్చునేది. ఆదివారాలు ఎల్డన్ రాలేదు, ఆమె రమ్మనలేదు. ఒక్క మనిషికి మాంసం కాల్చడం తెలియక రొట్టె, చీజ్ తిని లేచేది.

ఆమెను తొలిచేసింది అమ్మ అన్న "అవును". నలభై నాలుగేళ్ళు అవును అన్న మనిషితో ఒకే ఇంట్లో ఉంది. చివరి రెండేళ్ళు ఒళ్ళు తుడిచింది, అన్నం తినిపించింది, నున్నటి ఆ అరచేతులకు నూనె రాసింది. "నేను అప్పుడన్న మాటలు మనసులో పెట్టుకోకు" అని ఒక్కసారైనా అనలేదు. ఎందుకంటే ఆ మాటలు నిజమేనని లోపల్లోపల నమ్మింది. క్షమించేశాను అనుకుంది. క్షమించడానికి అక్కడ ఏమీ లేదు. ఇప్పుడు సమాధి దగ్గరికి వెళ్ళి చెప్పినా రాతికి చెప్పడమే. అయినా వెళ్ళింది, రెండుసార్లు. రెండుసార్లూ వానలో నిలబడి, నోరు పెగలక వచ్చేసింది.

డిసెంబరు మొదటి గురువారం మధ్యాహ్నం వెనక తలుపు మీద పిడికిలితో బాదిన చప్పుడైంది. హెట్టీ ఆర్డ్. తొంభై ఒక్కేళ్ళు. చక్రాల ఊతం తోసుకుంటూ, మంచు పట్టిన సందు దాటి ఒంటరిగా వచ్చింది.

"హెట్టీ ఆంటీ! పడితే ఏమయ్యేది? ఫోన్ చేస్తే నేనే వచ్చేదాన్ని కదా!"

"పడితే పడ్డాను. జరుగు ముందు." ముసలామె కుర్చీలో కూలబడి ఊపిరి తీసుకుంది. "మీ ఎల్డన్ వచ్చాడు మా ఇంటికి."

థెల్మా కెటిల్ మీద చెయ్యి వేసి ఆగిపోయింది.

"టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోడు. మొత్తం చెప్పాడు. అంతకు ముందు పొద్దున్న చర్చి హాల్లో కాఫీకి చేరిన వాళ్ళందరి ముందూ చెప్పాడట. 'మా అమ్మను మీరు అనుకున్న మాట తప్పు, జాలి తీసింది నేను' అని. పదిమంది ముందు! ఎవరికీ బిస్కెట్టు గొంతు దిగలేదట." హెట్టీ ఊతం పిడి మీద అరచేత్తో కొట్టింది. "అరవయ్యేళ్ళు థెల్మా! అరవయ్యేళ్ళు ఆ మనిషి ముఖం మీదే అన్నాను. జాలి పెట్టి ఉంటే విన్నీ, జాలి పెట్టి ఉంటే. నేనలా అంటుంటే నా కప్పులో టీ పోసేది. చక్కెర కూడా కలిపి ఇచ్చేది. ఒక్కసారి, ఒక్కసారన్నా నోర్మూసుకోవే ముండా అని ఉండచ్చు కదా!"

"మా అమ్మ అనదు."

"అనదు. అందుకే నేనన్నాను." చేతిగుడ్డతో ముక్కు చీది, ఆవిడ కోపం మళ్ళీ తెచ్చుకుంది. "వాడు మాత్రం? పిరికి వెధవ. తల్లి చాటున దాక్కుని ముసలాడైపోయాడు. అమ్మ పోయాక ఇప్పుడొచ్చి చెప్తాడా? వాణ్ణి ఇంకెప్పుడూ గడప తొక్కనివ్వకు."

"వాడికి తొమ్మిదేళ్ళు ఆంటీ" అంది థెల్మా.

"తర్వాత ఇరవై వచ్చాయి. నలభై వచ్చాయి."

"వచ్చాయి. నేనూ అదే అన్నాను, పొమ్మన్నాను కూడా. కానీ ముందు తొమ్మిదే. నాకు చలేస్తోందని మంట పెంచబోయాడు. చెప్పొద్దని అమ్మే అంది. అమ్మ బతికుండగా చెప్తే, నాన్న దగ్గరా మీ దగ్గరా ఆవిడ పడిన మాటలన్నీ వృథా అయిపోయేవి కదా. ఎప్పుడు చెప్తాడు? ఎవరికి చెప్తాడు?"

ఈ మాటలు ఎవరో పక్కన కూర్చుని అంటున్నట్టు విన్నది థెల్మా. నెలరోజులుగా ఆమె మనసులో ఒక్కసారి కూడా రాని మాటలు, మరొకరు తిట్టేసరికి నోట్లోంచి వచ్చేశాయి. వచ్చాక వెనక్కి తీసుకోవాలనిపించలేదు. ఒకటి మాత్రం అలాగే ఉంది: బూట్లు పాలిష్ చేసుకుంటూ విని ఊరుకున్న ఇరవై నాలుగేళ్ళ మనిషి. అతన్ని ఏం చేయాలో ఆమెకింకా తెలియదు. కానీ అతని వెనక ఆ పిల్లాడు కూడా నిలబడి ఉన్నాడు, ఒకణ్ణి గెంటితే ఇంకొకణ్ణి గెంటినట్టే.

హెట్టీని చెయ్యి పట్టుకుని ఇంటిదగ్గర దింపి వచ్చి, ఫోన్ తీసింది.

"ఆదివారం రా" అంది.

"వంటింట్లోకేనా?" అని అడిగాడు ఎల్డన్.

"గూడు వెలిగిస్తున్నాను. నువ్వు ఎక్కడ కూర్చుంటావో నీ ఇష్టం. నేను మాత్రం వెలిగిస్తాను."

ఆదివారం అతను పన్నెండున్నరకి వెనక తలుపులోంచే వచ్చాడు. చేతిలో కొత్త ఇనుప జాలి ఉంది, రెండు పక్కలా గోడకు కొక్కేలు తగిలించేలాంటిది. దాన్ని వంటింటి బల్లకు ఆనించి పెట్టాడు. థెల్మా తీసుకెళ్ళి గూటి పక్కన పెట్టింది. భోజనం వంటింట్లోనే చేశారు. మాంసం కాస్త మాడింది. "చేతి అలవాటు తప్పింది" అంది ఆమె. "బాగానే ఉంది" అన్నాడు అతను, కత్తితో గట్టిగా కోసుకుంటూ. పుడ్డింగు అయ్యాక ఆమె లేచి ముందుగదిలోకి వెళ్ళింది. అతను గడప దాకా వచ్చి, తలుపుచెక్క పట్టుకుని ఆగిపోయాడు.

థెల్మా మోకాళ్ళ మీద కూర్చుని అగ్గిపుల్ల గీసింది. ఆ చప్పుడుకి వెనక అతని ఊపిరి ఆగడం వినిపించింది. ఆమె వెనక్కి తిరగలేదు. కాగితం ఉండల అంచులు నల్లబడి ముడుచుకున్నాయి, పుల్లలు చిటపటమన్నాయి. గొట్టం తనంతట తానే లాగింది, కాగితం అడ్డం పట్టాల్సిన పని రాలేదు. బొగ్గు అంటుకోవడానికి పావుగంట పట్టింది. ఆమె జాలి అడ్డం పెట్టి, పక్కకి జరిగి నేలమీదే కూర్చుంది. ఎడమ చెంపకు వేడి తగులుతోంది. మెడ దగ్గర పై బొత్తాం తీసింది.

"థెల్మా" అన్నాడు ఎల్డన్ గడపలోంచి. "నువ్వు అమ్మ మీద అరిచిన రోజు, నువ్వు పైకి వెళ్ళిపోయాక, నేను అమ్మ దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడే చెప్పేస్తానన్నాను. 'దానికి ఒకరి మీద కోపం ఉండాలి. నా మీద ఉంటే నేను మోస్తాను. నీ మీద ఉంటే నువ్వు మోయలేవు' అంది. నేను సరేనన్నాను. సరే అనడం తేలికగా ఉంది. అదే నా తప్పు. తొమ్మిదేళ్ళప్పటిది కాదు."

ఆమె మంటనే చూస్తోంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

"అవును" అంది. "అదే నీ తప్పు."

అతను తలూపాడు. కాసేపటికి లోపలికి వచ్చి, తలుపుకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్న కుర్చీలో, మంటకు పక్కకు తిరిగి, పోవడానికి లేవబోతున్నవాడిలా అంచున కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మధ్య బిగించుకున్నాడు. ఒక బొగ్గు ముక్క పగిలి చప్పుడైతే ఉలిక్కిపడి లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. పది నిమిషాలు ఉన్నాడు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కడిగాడు.

ఎల్డన్ ఆ మంటకు ఎప్పుడూ అలవాటు పడలేదు. అయినా ఆదివారాలు మానలేదు. జనవరి చివరికి ఒక కప్పు టీ తాగేంతసేపు ఆ గదిలో ఉండగలిగేవాడు. ఒక్కోసారి హెట్టీ కూడా ఊతం తోసుకుంటూ వచ్చి మధ్య కుర్చీ ఆక్రమించుకునేది. విన్నీ గురించి మాట్లాడుకునేవారు: ఆవిడ రొట్టెల గురించి, చర్చి పాటల్లో ఆవిడ తప్పు శ్రుతి గురించి. థెల్మాకి కొన్ని రోజులు అన్న ముఖం చూడబుద్ధి అయ్యేది కాదు. ఆ రోజు టీ అతని ముందు పెట్టి, తను మంట వైపు తిరిగి కూర్చునేది. అతను అర్థం చేసుకుని, కప్పు ఖాళీ చేసి, బొగ్గుబుట్ట నింపి పెట్టి వెళ్ళేవాడు.